రేవు దాటిన మాట: తీర్థం

మా అమ్మాయిని అమలాపురం వైపు ఇచ్చాం. పెళ్ళయిన మొదటి ఏడు, తిరుచానూరులో అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు జరుగుతుండగా మా వియ్యపురాలు తిరుపతి వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులున్నారు. "రేపు పంచమి తీర్థం వదినగారూ, చీకటితోనే బయల్దేరాలి. లేకపోతే కోనేటి దగ్గరికి చేరలేం" అన్నాను. ఆమె సంబరపడిపోయి, "అలాగే వదినగారూ. పిల్లలకి జీళ్ళూ, ఖర్జూరమూ తేవాలి, చిల్లర దగ్గర పెట్టుకుంటాను" అన్నారు. నేను తువ్వాళ్ళు, మార్చుకునే చీరలు సంచిలో సర్దుతుంటే అవన్నీ ఎందుకన్నట్టు చూశారు.

అప్పుడు అర్థమైంది. కోనసీమలో తీర్థమంటే ఊరి దేవుడి ఉత్సవం, దాని చుట్టూ వెలిసే అంగళ్ళు, రంగులరాట్నం, వచ్చిపోయే చుట్టాలు. మా చిత్తూరు వైపు దాన్ని తిరునాళ్ళంటాం, గంగమ్మకైతే జాతరంటాం. తీర్థమంటే మాకు నీళ్ళు. ఇద్దరం తెలుగువాళ్ళమే, ఇద్దరం అమ్మవారి దగ్గరికే వెళ్తున్నాం. అదే మాట వినగానే ఆమెకు సంబరం కనిపించింది, నాకు కోనేరు కనిపించింది.

ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని. ఆ రాత్రి నిద్ర పట్టక ఈ ఒక్క మాట మా ఊళ్ళోనే ఎన్ని రకాలుగా వాడుతున్నామా అని లెక్కపెట్టుకున్నాను. కొండ కింద కపిలతీర్థం ఉంది, అది చోటు. గోవిందరాజస్వామి గుళ్ళో ఉద్ధరిణితో పోసేదీ తీర్థమే, అది గుక్కెడు నీళ్ళు. పంచమి తీర్థం ఒక రోజు. తీర్థయాత్ర ప్రయాణం. మధ్వ పీఠాల్లో వ్యాసతీర్థులు, ఆనందతీర్థులు అంటే మనుషులు. చోటుకీ, నీటికీ, రోజుకీ, ప్రయాణానికీ, మనిషికీ ఒకే పేరు ఎలా అమరింది? పవిత్రమైనదేదైనా తీర్థమే అనుకుంటే ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. కానీ ఈ మాట పుట్టింది గుళ్ళో కాదు. ఏటి గట్టున పుట్టింది, గొడ్లూ బండ్లూ దిగే చోట.

సంస్కృతంలో "తౄ" అనే ధాతువు ఉంది. ఈదడం, దాటడం దాని అర్థం. దానికి "థక్" ప్రత్యయం చేరితే తీర్థం అవుతుంది. దేని సాయంతో దాటుతామో, ఎక్కడ దాటుతామో అది తీర్థం. అచ్చ తెలుగులో రేవు. గట్టు కాస్త వాలుగా ఉండి, నీళ్ళు నడుం లోతుకు మించక, అడుగున నేల గట్టిగా ఉండి, కాలు జారకుండా అవతలి ఒడ్డు చేరగలిగే చోటు. ఋగ్వేదం మొదటి మండలం 46వ సూక్తంలో అశ్వినీ దేవతల రథం "తీర్థే సింధూనాం" ఉందంటాడు ఋషి. అంటే నదుల రేవులో ఉందని. అమరకోశం ఇచ్చిన అర్థాల్లో ఋషులు సేవించిన జలం, గురువు, శాస్త్రంతో పాటు పశువులు నీళ్ళు తాగే తొట్టి కూడా ఉంది. నిఘంటువు రాసినాయన గురువునూ గొడ్ల తొట్టినీ ఒకే వరసలో పెట్టడం నాకు చాలా ఇష్టం. మాట తన పుట్టింటిని మరిచిపోలేదని అక్కడ తెలుస్తుంది.

ఈ ధాతువు పిల్లలు మన ఇంటినిండా ఉన్నారు. తరించడం అంటే దాటడం. తారకమంత్రం దాటించే మంత్రం. దుస్తరం దాటశక్యం కానిది. అవతారం అంటే పైనుంచి దిగి రావడం. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు "ఉత్తీర్ణులైనవారు" అని చదువుతామే, ఆ ఉత్తీర్ణతా ఇదే. అవతలి గట్టు ఎక్కినవాడు ఉత్తీర్ణుడు. ఆ రోజుల్లో బడి నోటీసు బోర్డు ముందు నిలబడ్డ పిల్లల టెన్షన్ చూసినప్పుడల్లా ఏటి మధ్యలో ఉన్న మనుషులే గుర్తొచ్చేవారు నాకు. భాషా కుటుంబాలను తవ్వితే ఇంకా దూరం పోవచ్చు. ట్రాన్స్‌ఫర్, ట్రాన్స్‌పోర్ట్ మాటల్లో ముందుండే లాటిన్ "ట్రాన్స్" కూడా ఈ ధాతువుకు దూరపు చుట్టమే.

ఇక్కడ ఒక పొరపాటు గురించి చెప్పాలి. "పాపాలు తీర్చేది కాబట్టి తీర్థం" అని ఉపన్యాసాల్లో వింటుంటాం. వినడానికి బాగుంటుంది, భక్తికి లోటూ లేదు. కానీ తీరు, తీర్చు అన్నవి మన ద్రావిడ మాటలు. తమిళంలోనూ ఉన్నాయి. తీర్థం సంస్కృతం. ధ్వని కలిసింది గానీ వంశం వేరు. ఇంకో నష్టం కూడా ఉంది. తీర్చేది అంటే పని అంతా నీళ్ళే చేసిపెడతాయనిపిస్తుంది. దాటేది అంటే కాళ్ళు మనవే, నడవాల్సింది మనమే.

మరి మామూలు రేవు పుణ్యస్థలం ఎలా అయింది? వంతెనలు లేని కాలాన్ని ఊహించుకోండి. ఏరు పొంగితే ఈ గట్టు వాళ్ళు ఈ గట్టునే. నీళ్ళు తీసేదాకా రేవులో ఆగాలి. ఆగినచోట వంట, స్నానం, పొరుగూరి మనుషులతో మాటలు, ఏ సన్యాసో వచ్చి చెట్టు కింద కూర్చుంటే నాలుగు మంచి ముక్కలు. దిగేముందు భయం, దణ్ణం. చనిపోయినవాళ్ళ అస్థికలు కలిపేదీ అక్కడే. బతుకులో భయమూ, ఆశా, దుఃఖమూ అన్నీ వచ్చి చేరే చోటు రేవు. అక్కడ ఒక రాయి నిలిపి పూజ చెయ్యడానికి పురాణం చెప్పేవాళ్ళు రానక్కర్లేదు. మన వైపే చూడండి. స్వర్ణముఖి ఉత్తరానికి తిరిగే చోట శ్రీకాళహస్తి వెలిసింది. చంద్రగిరి దగ్గర తొండవాడలో భీమా, కల్యాణి స్వర్ణముఖితో కలిసే చోట అగస్త్యేశ్వరుడున్నాడు. కాణిపాకం బాహుదా ఒడ్డున ఉంది. గుడికంటే ముందు అక్కడికి జనాన్ని తెచ్చింది ఏరే అని నా నమ్మకం.

తర్వాత ఏరు పెద్దదైంది. ఇవతలి గట్టు ఈ బతుకు, అవతలి గట్టు మోక్షం, మధ్యలో సంసారం. భవసాగరం అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. సాగరం ఉన్నప్పుడు రేవు కావాలి కదా. మహాభారతం అరణ్యపర్వంలో తీర్థయాత్రల గురించి పెద్ద భాగమే ఉంది. యజ్ఞాలకు బోలెడు సంబారాలు కావాలి, అవి రాజులకో, సంపన్నులకో సాధ్యం, పేదవాడు చెయ్యలేడు, అతనికి తీర్థయాత్ర యజ్ఞాన్ని మించిన ఫలమిస్తుంది అని అక్కడ చెబుతారు. ఎంత పెద్ద మాటో చూడండి. కాళ్ళు తప్ప మరే ఆస్తీ లేనివాడికి కూడా దారి తెరిచింది ఆ మాట. అయితే దానికి కాస్త ముందే షరతూ పెట్టారు. ఎవడి చేతులూ, కాళ్ళూ, మనసూ అదుపులో ఉంటాయో వాడికే తీర్థఫలం అని. ఈ షరతు చెప్పకుండా ఫలం మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

తెలుగులోకి ఆ యాత్ర నన్నయతోనే వచ్చింది. ఆదిపర్వంలో అర్జునుడి తీర్థయాత్రను తెనిగిస్తూ ఆయన గోదావరినీ, భీమేశ్వరాన్నీ, శ్రీపర్వతాన్నీ, వేంగీదేశాన్నీ అర్జునుడికి చూపించాడు. ఈ మాట వినగానే మన ఏళ్ళూ మన కొండలూ కళ్ళముందు మెదలడం అప్పటినుంచే మొదలైందేమో.

దాటించేదల్లా తీర్థమైతే, దాటించే మనిషి? ఆయనా తీర్థమే. గురువును తీర్థమన్నది అందుకే. ఒకే గురువు దగ్గర చదువుకున్నవాళ్ళు సతీర్థ్యులు. పాత విద్యార్థుల కార్యక్రమాల్లో ఇప్పటికీ వాడే మాట ఇది. ఒకే రేవులో దిగినవాళ్ళు అన్నమాట. ఏ గురువు దగ్గరా కుదురుగా ఉండనివాణ్ణి పతంజలి మహాభాష్యంలో తీర్థకాకం అన్నాడు. రేవులో వాలిన కాకి ఎంతసేపుంటుంది గనక. జైనులు తమ 24 మంది మహాపురుషులను తీర్థంకరులన్నారు, రేవు కట్టినవాళ్ళని. వాళ్ళ దృష్టిలో తీర్థమంటే సాధువులు, సాధ్వులు, గృహస్థులైన శ్రావకులు, శ్రావికలు కలిసిన సంఘం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనైతే మంత్రి, పురోహితుడు, సేనాపతి మొదలైన 18 పదవులను తీర్థాలంటారు. భాగవతంలో ధర్మరాజు విదురుణ్ణి చూసి, మీవంటివాళ్ళే తీర్థాలు, మీరే తీర్థాలను తీర్థాలుగా చేస్తారు అంటాడు. విదురుడు అప్పుడే తీర్థయాత్ర నుంచి తిరిగొచ్చాడు. యాత్ర చేసి వచ్చినవాడితో ఆ మాట అనడంలో ఉన్న ప్రేమ నాకు ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

ఇంత తిరిగిన మాట చివరికి మన అరచేతిలోకీ వచ్చింది. ఇది చాలామందికి తెలీదు. మనుస్మృతి ప్రకారం అరచెయ్యే రేవుల పటం. బొటనవేలి మొదట్లో బ్రహ్మతీర్థం. చిటికెనవేలి మొదట్లో ప్రజాపతి తీర్థం. వేళ్ళ కొసల్లో దేవతీర్థం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పితృతీర్థం. ఆచమనం చేసే నీళ్ళు బొటనవేలి మొదటినుంచి నోట్లోకి వెళ్తాయి. తర్పణం విడిచేటప్పుడు నువ్వులూ నీళ్ళూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి జారతాయి. మా నాన్నగారు పోయాక మా తమ్ముడు కపిలతీర్థం మండపంలో కూర్చుని తర్పణం ఇస్తుంటే నేను పక్కనే ఉన్నాను. చెయ్యి పక్కకు వంచి ఆ సందులోంచి నీళ్ళు వదులుతుంటే, పురోహితులు వాడి వేలు పట్టుకుని సరిచేశారు. "ఇటు నాయనా, ఇటునుంచి పోవాలి. వాళ్ళ దారి ఇది" అన్నారు. ఆ నీళ్ళు ఏ గట్టునుంచి ఏ గట్టుకు పోతున్నాయో అప్పుడు నాకు తెలిసింది.

గుళ్ళో పుచ్చుకునే తీర్థం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. అది స్వామి పాదోదకం. విష్ణుపాదం నుంచి గంగ పుట్టిందని పురాణం. కాబట్టి పాదాలు తాకిన నీరు గంగే. గంగ దాకా వెళ్ళలేనివాడికి ఉద్ధరిణెడు గంగ చేతిలోకి వస్తుంది, పచ్చకర్పూరమూ తులసీ వాసనతో. కుడిచెయ్యి దొప్పలా పట్టి, కింద ఎడమచెయ్యి, రెంటి మధ్యా కొంగు. చుక్క కూడా నేల పడకూడదని మా అవ్వ చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని నేర్పింది. నది నీటిచుక్కగా మారినా రేవు మాత్రం అదే, అరచెయ్యి.

ఇంతవరకూ కదిలే మాట గురించి చెప్పాను. దానికి జంటగా కదలని మాట ఒకటుంది, క్షేత్రం. "క్షి" ధాతువుకు నివసించడం అని అర్థం. క్షేత్రమంటే మొదట మనుషులు కుదురుకున్న నేల, దున్నుకునే పొలం. వ్యవసాయ క్షేత్రం అని ఇప్పటికీ అంటున్నాం. గీతలో శరీరాన్నే క్షేత్రమన్నాడు కృష్ణుడు. పుణ్యక్షేత్రమంటే దేవుడు కాపురమున్న నేల. "తీర్థాలూ క్షేత్రాలూ తిరిగొచ్చాం" అని రెంటినీ కలిపి ఒకే ఊపులో అనేస్తాం గానీ, రెండూ ఒకటి కాదు. తీర్థం మనం దాటే చోటు, క్షేత్రం ఆయన ఉండే చోటు.

మా ఊరి పేరూ ఈ రెండో వరసలోదే. తిరుపతి అంటే శ్రీపతి, లక్ష్మీదేవి భర్త అని చాలామంది అనుకుంటారు. తమిళంలో "తిరు" శ్రీకి సమానమే. కానీ అక్కడ "పతి" అంటే ఊరు, ఉండే చోటు. భర్త అనే సంస్కృత పతి వేరు. తమిళులు పకారాన్ని ఒత్తి తిరుప్పతి అంటారు. పవిత్రమైన ఊరు అని. అందుకే తమిళ వైష్ణవులకు తిరుప్పతి ఒకటి కాదు. ఆళ్వార్లు పాడిన 108 దివ్యదేశాలూ వాళ్ళకు 108 తిరుప్పతులే. తామ్రపర్ణి తీరంలో నవతిరుపతులే ఉన్నాయి. మన దగ్గర ద్వారకా తిరుమలను చిన తిరుపతి అనడంలోనూ ఈ ఛాయ ఉంది. పుణ్యస్థలాన్ని చెప్పే మామూలు మాట ఒకటి చివరికి మా ఒక్క ఊరికి సొంత పేరైపోయింది.

తిరుమలలో ఈ రెండు మాటలూ ఎలా కలిసి నడుస్తాయో సంప్రదాయం చెప్పిన వరసలోనే ఉంది. ముందు స్వామి పుష్కరిణిలో స్నానం, తర్వాత దాని ఒడ్డునే ఉన్న వరాహస్వామి దర్శనం, ఆ తర్వాతే శ్రీవారు. దాటి, అప్పుడు ఉన్నవాణ్ణి చూడాలి. అన్నమయ్య స్వామిని కోనేటిరాయడన్నాడంటే ఊరికే కాదు. ఇప్పుడు టోకెన్ టైమ్ చూసుకుని నేరుగా క్యూలైన్లోకి వెళ్ళిపోతున్నాం. కోనేటి మెట్లమీద రెండు నిమిషాలు ఆగి తలమీద నీళ్ళు చల్లుకుంటే ఆ వరస నిలుస్తుంది.

కొండల మీద దాటడానికి నది ఉండదు కదా, మరి శేషాచలంలో ఇన్ని తీర్థాలేమిటి? ఇక్కడ అర్థం పూర్తిగా నీటివైపు వాలిపోయింది. రాతి సందుల్లోంచి ఊరే ప్రతి ఊటా, దూకే ప్రతి ధారా తీర్థమే. జాబాలి తీర్థం, పాండవ తీర్థం, తుంబురు తీర్థం, రామకృష్ణ తీర్థం. మా పల్లెజనం ఇలాంటి చోట్లకు పెట్టుకున్న పేరు మాత్రం కోన. తలకోన, సదాశివకోన, కైలాసకోన. పురాణం తీర్థమన్నదాన్ని పశువుల కాపరి కోనన్నాడు. నాకు రెండు పేర్లూ సమానమే. కపిలతీర్థానికైతే రెండు పేర్లు శాస్త్రంలోనే ఉన్నాయి. శైవులకు కపిలతీర్థం, వైష్ణవులకు ఆళ్వార్ తీర్థం. దూకే నీళ్ళు ఒకటే.

పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు. ముక్కోటి అంటే మూడు కోట్లు. ఆ రోజు సకల తీర్థాలూ వచ్చి అక్కడ కలుస్తాయని నమ్మకం. చోటు పేరు రోజు పేరుగా మారడం ఇక్కడే మొదలవుతుంది. ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళలేని అడవి అది. కాబట్టి రోజే రేవయింది. నా నలభయ్యో ఏట తుంబురు తీర్థానికి వెళ్ళాను. బండలమీద చేతులూ కాళ్ళూ వేసి పాకుతూ, మోకాలి లోతు నీళ్ళలో దిగుతూ వెళ్ళాలి. ముందు పోయేవాళ్ళు వెనక్కి తిరిగి చెయ్యి అందిస్తారు. ఎవరో ఏమిటో తెలీదు, కులం అడగరు, ఊరు అడగరు. రెండు కొండగోడల మధ్య సన్నని సందులోంచి నీళ్ళలో నడుస్తుంటే, తౄ ధాతువుకు నేను బడిలో చెప్పిన అర్థం ఎంత పలచనిదో తెలిసొచ్చింది.

ఈ తీర్థాలు పురాణంలోనే ఆగిపోలేదు. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార. ఇవన్నీ ఇవాళ తిరుమలకు నీళ్ళిచ్చే డ్యాముల పేర్లు. కొండమీద యాత్రికుడు తాగే గ్లాసుడు నీళ్ళు ఈ తీర్థాల నీళ్ళే కావచ్చు. వెయ్యేళ్ళ కిందట తిరుమలనంబి పాపవినాశనం నుంచి స్వామి అభిషేకానికి రోజూ కడవతో నీళ్ళు మోసేవారట. ఒకరోజు వేటగాడి వేషంలో స్వామే వచ్చి "తాతా, దాహం" అని ఆ నీళ్ళన్నీ తాగేశాడు. కైంకర్యం పోయిందని ఆయన ఏడిస్తే, బాణంతో కొండను కొట్టి దగ్గర్లోనే ఆకాశగంగను రప్పించాడు. ఈ కథను తణ్ణీరముదు ఉత్సవంగా ఇప్పటికీ ఏటా జరుపుతారు. తణ్ణీరు అంటే నీళ్ళు, అముదు అంటే అమృతం. ఆ నంబిగారే మేనల్లుడైన రామానుజులకు రామాయణ రహస్యాలు చెప్పిన గురువు. నీటి తీర్థాన్ని మోసిన తాతే మరొకరికి గురుతీర్థమయ్యాడు. మాటలోని రెండు అర్థాలూ ఒకే ముసలాయనలో కలిశాయి.

అందుకే కపిలతీర్థం దగ్గర తడిబట్టలు, షాంపూ ప్యాకెట్లు, ప్లాస్టిక్ కవర్లు వదిలేసి పోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. నీళ్ళలో ఉమ్మకూడదు, మలినం వదలకూడదు అని మనుస్మృతి నాలుగో అధ్యాయంలోనే ఉంది. రేవు పాడైతే వెనక వచ్చేవాడు దాటలేడు.

సరే, పంచమి తీర్థం. చీకటితోనే వెళ్ళాం. పద్మసరోవరం చుట్టూ జనం, ఇసకేస్తే రాలనంత. అమ్మవారు బంగారు తామరలో వెలిసిన తిథి అది. చక్రత్తాళ్వార్‌కు, అంటే సుదర్శన చక్రానికి, నీళ్ళలో స్నానం చేయించగానే ఒక్కసారి గోవింద నామం మారుమోగింది, అందరూ మునిగారు. మా వియ్యపురాలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని మూడు మునకలు వేశారు. తడిచీరతోనే బయటికొచ్చి, దారిలో బొమ్మల అంగళ్ళు చూసి, "చూశారా వదినగారూ, మీ తీర్థంలోనూ మా తీర్థం ఉంది" అన్నారు. జీళ్ళు దొరకలేదు గానీ మరమరాలూ, గాజులూ కొన్నారు.

ఆ సంక్రాంతి వెళ్ళిన మర్నాడు, కనుమ రోజు, ఆమె దగ్గర్నుంచి ఫోన్లో వీడియో వచ్చింది. కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థం. ప్రభ అంటే దేవుణ్ణి ఊరేగించడానికి వెదురుతో కట్టే ఎత్తైన చట్రం. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభలమీద వచ్చి ఒకచోట కలిసే రోజు అది. వీడియోలో గంగలకుర్రు అగ్రహారం ప్రభ. రంగురంగుల నూలుదారాలు, గంటలు, పైన దేవుడు. దాన్ని భుజాలకెత్తుకున్న మగవాళ్ళు గట్టు దిగి కౌశిక కాలువలోకి నడుస్తున్నారు. నీళ్ళు నడుం దాటాయి, ఛాతీ దాకా వచ్చాయి. ప్రభ ఒక పక్కకు ఒరిగింది, మళ్ళీ నిలబడింది. "ఓం శరభ శరభ" అని కేకలు. అవతలి గట్టు బురదమీద ముందువాళ్ళు జారుతుంటే పైనున్నవాళ్ళు వంగి చేతులందించారు.

వెంటనే ఫోన్ చేశాను. హోరులో నా మాట ఆమెకు వినపడలేదు. "దాటేశారు వదినగారూ, దాటేశారు!" అని అరుస్తున్నారు.